నీళ్ళు కారే ప్రెస్సులో పుట్టిన వజ్రం

హాకిన్స్ కుక్కర్ మూత ఎప్పుడైనా గమనించారా? పైనుంచి పెట్టం. వంచి లోపలికి దూర్చి, కిందినుంచి పైకి లాగి బిగిస్తాం. రూమ్‌లో కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్ళకి మొదటి వారం అదో పజిల్. కానీ అందులో ఓ తెలివి ఉంది. లోపల ఆవిరి ఎంత పెరిగితే మూత అంచుకి అంత గట్టిగా ఆనుకుంటుంది. లీక్ చెయ్యాల్సిన ఒత్తిడే లీక్‌ని ఆపేస్తుంది.

దాదాపు ఇలాంటి ఆలోచనే ఒకాయన్ని నోబెల్ దాకా తీసుకెళ్ళింది. పేరు పెర్సీ బ్రిడ్జ్‌మన్, హార్వర్డ్ యూనివర్సిటీ. 1905లో ఆయన హై ప్రెషర్ ప్రయోగాలు మొదలుపెట్టేనాటికి ఈ రంగంలో పెద్ద పేరు ఫ్రాన్స్‌కి చెందిన అమగాది. ఆయన సుమారు 3,000 అట్మాస్ఫియర్ల దాకా వెళ్ళాడు. ఆ పైకి వెళ్తే పిస్టన్ పక్కనుంచి ద్రవం చిమ్మేసేది.

బ్రిడ్జ్‌మన్ ఏం చేశాడంటే, పిస్టన్ ముందు పుట్టగొడుగు ఆకారంలో ఓ ఉక్కు ముక్క పెట్టాడు. దాని కాడ చుట్టూ మెత్తటి వాషర్. కాడ చివర ఖాళీ, వెనక ఆసరా ఏమీ లేదు. అప్పుడు పుట్టగొడుగు తల మీద పడే బరువంతా ఆ చిన్న వాషరే మొయ్యాలి. బరువు అంతే, జాగా తక్కువ. అందుకే వాషర్‌లో ఒత్తిడి ఎప్పుడూ ద్రవంలో ఒత్తిడి కంటే ఎక్కువే ఉంటుంది. ద్రవం దాన్ని దాటలేదు. తమాషా ఏంటంటే, ఆయన మొదట దీన్ని త్వరగా విప్పి బిగించడానికి వీలుగా ఉంటుందని గీశాడు. అసలు గొప్పతనం తర్వాత తెలిసింది.

లీక్ సమస్య తీరాక ఇక హద్దు ఒక్కటే, ఉక్కు ఎక్కడ పగులుతుందన్నదే. దొరికిన ప్రతిదాన్నీ నొక్కి చూశాడాయన. 1914లో కోడిగుడ్డు తెల్లసొనని పొయ్యి లేకుండా, వట్టి ఒత్తిడితో ఉడికినట్టు గట్టిపడేలా చేశాడు. నీళ్ళు మరిగే వేడిలో కూడా గడ్డగానే ఉండే మంచుని చూశాడు. 1946లో నోబెల్ వచ్చింది. ఒక్క కోరిక మాత్రం తీరలేదు. గ్రాఫైట్‌ని, అంటే పెన్సిల్ ముల్లులో ఉండే కార్బన్‌ని, ఎంత నొక్కినా వజ్రం కాలేదు. ఒత్తిడి ఒక్కటే చాలదు, భయంకరమైన వేడి కూడా ఉండాలి. అంత వేడికి పరికరమే మెత్తబడిపోతుంది. చిక్కంతా అక్కడే.

ఇక్కడినుంచి కథ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి మారుతుంది. ఊరు న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ. 1951లో వజ్రాల తయారీ ప్రాజెక్ట్ మొదలైంది. టీమ్‌లో బండీ, స్ట్రాంగ్, వెంటార్ఫ్, ఇంకా యూటా రాష్ట్రం నుంచి వచ్చిన ట్రేసీ హాల్ అనే కెమిస్ట్. కంపెనీ 1,000 టన్నుల కొత్త ప్రెస్ కొంది. దాన్ని వాడుకోవడానికి క్యూ. హాల్‌కి ఎక్కువగా దక్కింది మూలన పడున్న పాత 400 టన్నుల ప్రెస్. ఆయిల్‌తో కాదు, నీళ్ళతో నడిచేది, ఆ నీళ్ళు కూడా కారుతుండేవి.

హాల్ బుర్రలో ఉన్న డిజైన్ పేరు 'బెల్ట్'. మధ్యలో చిల్లున్న గారెలాంటి టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం ఊహించుకోండి. మన బోర్‌వెల్ బిట్‌కి ఉండే గట్టి గుండీలు చేసేది ఈ కార్బైడ్‌తోనే. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టు ఆ ఉంగరం చుట్టూ ఉక్కు పట్టాలు బిగించి ఉంటాయి. పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి, మొన చెక్కేసిన శంకువుల్లాంటి కార్బైడ్ దిమ్మెలు ఆ చిల్లులోకి దిగుతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది సీల్. దిమ్మెకీ ఉంగరానికీ మధ్య పైరోఫిలైట్ అనే రాయి పెట్టాడు. బలపానికి దగ్గరి చుట్టం. మెత్తగా చెక్కొచ్చు, వేడి తగిలినా నిలుస్తుంది, కరెంట్‌ని పోనివ్వదు. ఒత్తిడికి కొంచెం నలిగి సందుల్లోకి పాకుతుంది. కానీ రాపిడి వల్ల పూర్తిగా బయటికి జారిపోదు. దాంతో దిమ్మెలు ముందుకు కదలొచ్చు, లోపలి సరుకు తప్పించుకోలేదు. నమూనా గుండా కరెంట్ పంపితే వేడి లోపలే పుడుతుంది. పరికరం బయటంతా చల్లగానే ఉంటుంది.

ఇది చేయించడానికి పెద్ద ఖర్చేం కాదు, కానీ టీమ్ ఒప్పుకోలేదని హాల్ తర్వాత చెప్పుకున్నాడు. మెషిన్ షాప్‌లో ఓ స్నేహితుడు ఖాళీ టైమ్‌లో చేసిపెట్టాడట.

1954 డిసెంబర్ 16. గ్రాఫైట్, ఐరన్ సల్ఫైడ్ లోపల పెట్టి నొక్కాడు. ఒత్తిడి సుమారు లక్ష అట్మాస్ఫియర్లని అప్పటి ఆయన లెక్క. అంటే గోరంత జాగా మీద ఓ రైలింజన్ బరువు. వేడి 1,600 డిగ్రీలు. తర్వాత నమూనా పగలగొట్టి చూస్తే చిన్న చిన్న స్ఫటికాలు తళుక్కుమన్నాయి. చేతులు వణికాయని, మోకాళ్ళలో సత్తువ పోయి కూర్చోవాల్సి వచ్చిందని ఆ తర్వాత రాసుకున్నాడు.

మా ఫీల్డ్‌లో 'నా మెషీన్‌లో రన్ అవుతోంది' అంటే ఎవరూ నమ్మరు. అక్కడా అంతే. డిసెంబర్ 31న హ్యూ వుడ్‌బరీ అనే సహోద్యోగి అదే పద్ధతిలో సొంతంగా చేశాడు, వజ్రాలు వచ్చాయి. 1955 ఫిబ్రవరి 15న కంపెనీ ప్రపంచానికి ప్రకటించింది. స్వీడన్‌లో ఆసియా అనే కంపెనీ 1953లోనే వజ్రం చేసింది, కానీ ఆ సంగతి బయటికి చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది!

హాల్‌కి దక్కిన బహుమతి పది డాలర్ల సేవింగ్స్ బాండ్.

అదే ఏడాది ఉద్యోగం వదిలేసి, యూటాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. బెల్ట్ డిజైన్‌ని ప్రభుత్వం రహస్యం కింద పెట్టింది. తను కనిపెట్టిన యంత్రాన్ని తనే వాడకూడదు. దాంతో దాని జోలికి పోకుండా పూర్తిగా వేరే యంత్రం కట్టాడు. నాలుగు దిక్కుల నుంచి నాలుగు దిమ్మెలు వచ్చి మధ్యలో నొక్కే ప్రెస్ అది. 1958లో ఆ వివరాలు అచ్చేస్తే దాని మీదా రహస్య ఉత్తర్వు పడింది. కొన్నాళ్ళకి ఎత్తేశారు. ఇవాళ చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ కోసే తీగల మీద ఉండేవి ప్రెస్సులో పుట్టిన వజ్రపు రవ్వలే. గోల్కొండ వజ్రాలకి పేరుపడ్డ నేలలో ఇప్పుడు రాయి కోస్తున్నది ఫ్యాక్టరీ వజ్రం.

ఇంకొక్క సంగతి. హాల్ ప్రయోగానికి ఎనిమిది రోజుల ముందు, డిసెంబర్ 8న, అదే టీమ్‌లో స్ట్రాంగ్ చేసిన ప్రయోగంలో ఓ వజ్రం దొరికింది. దాన్నే మొదటి కృత్రిమ వజ్రంగా చెప్పుకునేవాళ్ళు. దశాబ్దాల తర్వాత దాన్ని మళ్ళీ పరీక్షించారు. 1993లో ఆ పాత టీమ్ వాళ్ళే 'నేచర్' పత్రికలో ఫలితం రాశారు. అది ప్రెస్సులో తయారైంది కాదు. భూమిలో పుట్టిన మామూలు వజ్రపు ముక్క.