పాత శుభలేఖకు కొత్త కొలువు

హోసూరు: శుభలేఖలు, తాతయ్య రాసిన కార్డులు, బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు... మన ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున చెదల పాలవుతున్నవి ఇవే. వాటిని చెక్క ట్రేకో, పాత డబ్బాకో అతికించి వార్నిష్ వేస్తే అదే డెకూపాజ్. అసలు ఫొటోకు మాత్రం కత్తెర పెట్టకండి. జిరాక్స్ చాలు. ఇంక్‌జెట్ ప్రింటయితే జిగురు తడికి రంగు కారిపోతుంది. ఫెవికాల్‌లో కాసిని నీళ్లు కలిపి పలుచగా పూసి, కాగితాన్ని మధ్యనుంచి అంచులకు వేలితో నిమిరితే బుడగలుండవు. ఆరాక పైన రెండు మూడు పూతలు.

2006 చట్టంతో తమిళనాట బడుల్లో తమిళం తప్పనిసరైంది. తాతగారి జాబు చదవలేని మనవలు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉన్నారు. అందుకే అతికించేముందు అమ్మమ్మతో చదివించుకోండి, పేర్లూ ఊర్లూ రాసి పెట్టుకోండి. ఫొటో వెనక రాత ఉంటే, దాన్నీ జిరాక్స్ తీయించాలి.