ఆ రెండక్షరాలు దేనికి?

ఫోను ఛార్జరు వెనక్కి తిప్పి చూడండి. చాలావాటిమీద 'సీఈ' అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఐరోపా నిబంధనల ప్రకారమే దీన్ని చేశామని తయారీదారు చెప్పే మాట అది. మరి ఐరోపాలో అమ్మే ఏ కరెంటు వస్తువుకి ఆ గుర్తు ఉండాలి?

మొదట చూడాల్సింది వోల్టేజీ. ఏసీ అయితే 50 నుంచి 1000, డీసీ అయితే 75 నుంచి 1500 వోల్టుల మధ్య పనిచేసేవాటికి 2014 నాటి 'లో వోల్టేజ్ డైరెక్టివ్' వర్తిస్తుంది. మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఛార్జరు... అన్నీ ఈ కోవలోవే. 'మాది మూడు వోల్టుల టార్చిలైటేగా' అని వదిలేయడానికి లేదు. సీసం, పాదరసం లాంటి విషపదార్థాలకు కళ్లెం వేసే నిబంధన దానికీ ఉంది, దానికోసమూ సీఈ గుర్తు వేయాల్సిందే. ఇక బ్లూటూత్, వైఫై ఉంటే రేడియో పరికరాల నిబంధన వచ్చిపడుతుంది. అందులో కనీస వోల్టేజీ అన్న లెక్కే లేదు!

తమాషా ఏంటంటే, ఇళ్లలో వాడే మామూలు ప్లగ్గులకూ సాకెట్లకూ లో వోల్టేజ్ డైరెక్టివ్ వర్తించదు. వర్తించని వస్తువుమీద సీఈ వేయడమూ తప్పే.

అయితే ఒక్కమాట. చాలా గృహోపకరణాలకు ఈ గుర్తును ప్రభుత్వం ఇవ్వదు. తయారీదారే పరీక్షలు చేయించి, కాగితాలు సిద్ధంచేసి, సంతకం పెట్టి వేసుకుంటాడు. ఆ కాగితాల్ని పదేళ్లు దాచాలి. వస్తువుమీదో పెట్టెమీదో తన పేరూ చిరునామా ముద్రించాలి. అవి లేకుండా సీఈ ఒక్కటే ఉంటే అనుమానించాల్సిందే. మనదేశంలో ఛార్జరు కొనేటప్పుడు మాత్రం చూడాల్సింది బీఐఎస్ గుర్తు.