నంబర్ ప్లేటు అంచు కోయించుకోవచ్చా?

కోయించుకోకూడదు. అక్షరాలు, అంకెలు చెక్కుచెదరకుండా చుట్టూ ఉన్న ఖాళీ అంచు మాత్రమే తీసినా తప్పే.

వల్లూరు, నాగలమడికె, పావగడ చుట్టుపక్కల ఈ ప్రశ్న రెండేళ్లుగా బాగా వినిపిస్తోంది. దానికి కారణముంది. 2019 ఏప్రిల్ 1కి ముందు రిజిస్టరైన పాత బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు బిగించుకోవాలని కర్ణాటక రవాణా శాఖ 2023 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. మొదటి గడువు ఆ ఏడాది నవంబర్ 17. తర్వాత దాన్ని పలుమార్లు పొడిగించారు. ఆ ఉత్తర్వుతో పాత టీవీఎస్ ఎక్సెల్, లూనా, పదిహేనేళ్ల నాటి స్కూటర్ లాంటి బండ్లకు కూడా కొత్త కొలతల ప్లేటు వచ్చింది. వాటి ముందు క్లాంపులేమో పెయింటర్ రాసిచ్చే చిన్న రేకుకు సరిపడేలా చేసినవి. కొత్తది అందులో ఇమడదు. పక్కకు పొడుచుకొస్తుంది, హ్యాండిల్ తిప్పినప్పుడు కేబుల్‌కు తగులుతుంది. దాంతో కటింగ్ ప్లేయర్ పట్టుకుని పక్కలు కత్తిరించేస్తున్నారు. సోకు కోసం వెనక ప్లేటును సగానికి కుదించేవాళ్లూ ఉన్నారు కానీ, మన పల్లెల్లో ఎక్కువమందిది ఈ ఇమడని బాధే.

ఇంతకీ చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టంలో ‘ప్లేటు కోయరాదు’ అన్న వాక్యం మీకు దొరకదు. కొందరు లాయర్ దగ్గరికి వెళ్లి మరీ ఇదే వాదిస్తున్నారు. కానీ 1988 నాటి ఆ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ గుర్తు నిర్ణయించిన పద్ధతిలో కనిపించకపోతే ఆ బండిని రోడ్డు మీద నడపకూడదు. ఆ పద్ధతి ఏమిటో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 50, 51 నియమాలు చెబుతాయి. ద్విచక్ర వాహనానికి ముందు ప్లేటు 285 మిల్లీమీటర్ల పొడవు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. వెనకది 200కి 100. కారుకైతే 500కి 120, లేదా 340కి 200. ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం, ఒకే ముక్క, చుట్టూ ఉబ్బెత్తు అంచు. నియమంలో రాసిన ఈ కొలత తగ్గితే అది నియమం చెప్పిన ప్లేటు కాదు. అందుకే ‘కోయకూడదని ఎక్కడుంది’ అన్న వాదన నిలవదు.

కొలతలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. బైకు ముందు ప్లేటు మీద అక్షరాల ఎత్తు 30 మిల్లీమీటర్లు. ప్లేటు ఎత్తు 45. అంటే పైన ఏడున్నర, కింద ఏడున్నర మిల్లీమీటర్లు మాత్రమే మిగులుతాయి, అందులోనే ఉబ్బెత్తు అంచు కూడా ఉండాలి. వెనక ప్లేటు మీద పై వరస అక్షరాలు 35, కింది వరస అంకెలు 40. రెండూ కలిపి 75 పోతే మిగిలేది 25. దాన్ని పైన, మధ్యన, కింద పంచితే ఒక్కోచోట ఎనిమిది మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మనం ‘ఊరికే ఖాళీగా ఉంది’ అనుకునే జాగా నిజానికి ఇంతే. అరంగుళం కోస్తే అంకె మీదికే వెళ్తుంది.

ఎడమ పక్క కోయడం మరీ ప్రమాదం. ఈ ప్లేటును మామూలు రేకు నుంచి వేరు చేసే గుర్తులన్నీ ఆ పక్కనే ఉన్నాయి. పైమూలన అశోక చక్రం ఉన్న క్రోమియం హోలోగ్రామ్, మధ్యలో నీలిరంగులో ‘ఇండ్’ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, కిందిమూలన లేజరుతో చెక్కిన శాశ్వత సంఖ్య. ముందు ప్లేటు సంఖ్య వేరు, వెనక ప్లేటు సంఖ్య వేరు, రెండూ మీ బండి పేరున వాహన్ రికార్డులో ఎక్కుతాయి. ఆ ముక్క కోసి పారేస్తే మిగిలేది నకిలీ ప్లేటు లాంటి రేకే. చెక్‌పోస్టు దగ్గర మీది అసలైనదేనని ఎలా చూపిస్తారు?

ఈ ప్లేటు ఊరికే పుట్టుకొచ్చింది కాదు. 2001లో నియమావళిలో చేర్చారు. టెండర్ల మీద వచ్చిన వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు ఈ పథకాన్ని సమర్థించింది. అయినా రాష్ట్రాలు సాగదీస్తూ వచ్చాయి. పంజాబ్ మాజీ మంత్రి మణీందర్‌జిత్ సింగ్ బిట్టా వేసిన కేసులో అదే కోర్టు రాష్ట్రాలను గట్టిగా మందలించాల్సి వచ్చింది. చివరికి 2018 డిసెంబర్ నోటిఫికేషన్‌తో 2019 ఏప్రిల్ నుంచి తయారయ్యే ప్రతి బండికీ కంపెనీయే ప్లేటు ఇవ్వాలని తేల్చారు. దొంగ బండి, దొంగ నంబరు పట్టుకోవడమే దీని అసలు పని.

జరిమానా సంగతి. నంబర్ ప్లేటు లోపాలకు సాధారణంగా 177వ సెక్షన్ కింద రాస్తారు. 2019 సవరణ తర్వాత మొదటిసారి 500 రూపాయల వరకు, ఆ తర్వాత 1,500 వరకు. కానీ 39వ సెక్షన్ ఉల్లంఘన అని రాస్తే 192వ సెక్షన్ వర్తిస్తుంది. అప్పుడు మొదటిసారే తక్కువలో తక్కువ 2,000, గరిష్ఠం 5,000. రెండోసారైతే 5,000 నుంచి 10,000, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. అంకెలు స్పష్టంగా ఉండి అంచు మాత్రమే పోయిన బండికి చిన్న సెక్షనే వాడటం న్యాయమని మా అభిప్రాయం. అయితే అది ఆపిన అధికారి నిర్ణయం, మనం పట్టుబట్టే హక్కు కాదు. అంకె మారి కనిపించేలా కావాలని కోసినా, అతికించినా సంగతి వేరే దారి పడుతుంది. అది మోసం, ఫోర్జరీ దాకా వెళ్లే క్రిమినల్ కేసు.

ఇంకో పుకారు కూడా తిరుగుతోంది, ప్లేటు కోస్తే ఇన్సూరెన్స్ మొత్తం పోతుందని. అది నిజం కాదు. బండి గుద్ది గాయపడినవారికి కంపెనీ పరిహారం ఎగ్గొట్టడానికి ఏ కారణాలు చూపవచ్చో 150వ సెక్షన్‌లో ఉంది. ప్లేటు అంచు అందులో లేదు.

అసలు నష్టం జరిమానాలో లేదు. పావగడ తాలూకా మూడు పక్కలా ఆంధ్ర. శనివారం శనిమహాత్మ గుడికి వచ్చే బండ్లలో సగం ఏపీవి, సగం కేఏవి. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు రోడ్ల మీద రాత్రిపూట ఎవరైనా ఒకరిని గుద్ది వెళ్లిపోతే, చూసినవాడికి గుర్తుండేది ‘ఏపీ బండి’ అనో ‘కేఏ బండి’ అనో మాత్రమే. మిగతా అంకెలు చదవగలిగితేనే కేసు నిలుస్తుంది. బండి దొరికితే బాధితుడి కుటుంబం ట్రిబ్యునల్‌కు వెళ్లి, చనిపోయిన మనిషి వయసు, సంపాదన లెక్కగట్టి పూర్తి పరిహారం అడగొచ్చు. బండి దొరక్కపోతే 2022 నాటి హిట్ అండ్ రన్ పథకమే గతి: చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి ఆ రెంటికీ మధ్య తేడా ఎంతో చెప్పక్కర్లేదు. ఆ తేడా ఒక్కోసారి ఆ రెండు అంకెల దగ్గరే ఉంటుంది.

చిన్నదే అయినా ఇంకో మాట. నియమంలోనే మూలలు గుండ్రంగా ఉండాలని రాశారు, గాయాలు కాకూడదని. కోసిన అల్యూమినియం అంచు బ్లేడులా ఉంటుంది. వెనక కూర్చున్న పిల్లల కాళ్లకు, ఆడవాళ్ల చీర అంచుకు తగిలేది అదే. పైనున్న మెరిసే పొర కూడా కోసిన చోట నుంచి లేచిపోతుంది.

మరి ఇమడని ప్లేటుకు ఏం చేయాలి? ప్లేటును కాదు, క్లాంపును మార్చాలి. ద్విచక్ర వాహనానికి ముందు ప్లేటు హ్యాండిల్‌కు సమాంతరంగా ఉండాలంటుంది నియమం. పాత ఎక్సెల్ అయినా సరే, వెల్డింగ్ షాపులో ఒక చిన్న పట్టీ వేయించి ప్లేటును కాస్త పైకో ముందుకో జరిపితే కేబుల్ గొడవ పోతుంది. ఈ పని డీలర్ దగ్గరికి వెళ్లక ముందే చేయించుకోండి. ఎందుకంటే వెనక ప్లేటు మళ్లీ వాడటానికి వీల్లేని స్నాప్ లాక్‌తో బిగిస్తారు. ఒకసారి పడ్డాక విప్పాలంటే పగలగొట్టాల్సిందే. పగిలిన లాకు కనిపిస్తే మిగతా ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. బిగించేవాడే ‘నేను కోసి ఇస్తాను సార్’ అంటే ఒప్పుకోకండి, రేపు పట్టుబడేది అతను కాదు.

ప్లేటు చుట్టూ వేసే ప్లాస్టిక్ ఫ్రేముల విషయంలోనూ జాగ్రత్త. చాలా ఫ్రేములు ఎడమ పక్క గుర్తుల్ని, కింది వరస చివర్లను కప్పేస్తాయి. కోయకపోయినా ఫలితం అదే. శనగకట్టె మోపు కట్టి వెనక ప్లేటు మూసేసుకుని పోయేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

భాష గురించి అడిగేవాళ్లున్నారు. అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు 1, 2, 3 రూపంలో ఉండాలని 50వ నియమం. మనకు ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ప్లేటు మీద మాత్రం రెండింటికీ చోటు లేదు. కన్నడ అంకెల ప్లేటు పెట్టుకుంటే ఇక్కడ వదిలేస్తారనుకోవడం, తెలుగు అంకెలు పెట్టుకుంటే హిందూపురంలో వదిలేస్తారనుకోవడం రెండూ పొరపాటే.

మన ఊళ్లలో ఇంకో అలవాటు, హిందూపురంలోనో మడకశిరలోనో ఉన్న అల్లుడి బండి కొని అదే ఏపీ నంబరుతో ఏళ్ల తరబడి తిప్పడం. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి బండి ఉంటే 47వ సెక్షన్ ప్రకారం కొత్త గుర్తుకు దరఖాస్తు చేయాలి. మనకు మధుగిరి కార్యాలయం, కేఏ-64. పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. కొత్త నంబరు వచ్చాక పాత ఏపీ ప్లేటును కోసి, గీకి, దాని మీదే కొత్తది రాయించడం కుదరదు. పాతది అప్పగించి నాశనం చేశాకే కొత్తది ఇవ్వాలని నియమం.

ఇప్పటికే కోసేసినవాళ్లు బెంగపడి కూర్చోవద్దు. దెబ్బతిన్న ప్లేటుకు బదులు కొత్తది తీసుకునే వీలుంది. రవాణా శాఖ వెబ్‌సైటు నుంచో వాహన తయారీదారుల సంఘం సియామ్ సైటు నుంచో మాత్రమే బుక్ చేయండి, ఫోనుకొచ్చే లింకుల నుంచి వద్దు. ప్లేటు పోయిందంటే పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు, పాడైందంటే పాత ముక్క అప్పగించాలి. కాబట్టి ఆ కోసిన రేకును పారేయకుండా వెంట తీసుకెళ్లండి.