మూడు కాళ్ల చంటి

పుట్టుకతోనే వెనుక ఎడమకాలు లేని పిల్లికూనను ఎవరు పెంచుతారు, చెరువు గట్టున విడిచిపెట్టండి అని మాకు చెప్పినవారున్నారు. అయితే పిల్లి బరువులో ఎక్కువ భాగం ముందుకాళ్లే మోస్తాయి. ఆ బలంతోనే మా చంటి కోడిపిల్లలను తరుముతుంది, ధాన్యపు బస్తాలెక్కుతుంది.

మేము దానిని ఎత్తుకొని తిరగలేదు. నున్నని గచ్చుమీద జారకుండా గోనెపట్టా పరిచాము. ఎత్తునుండి ఒక్కసారే దూకకుండా మధ్యలో పీట వేశాము. ఒళ్లు పెరిగితే మిగిలిన కాళ్లకు భారం గనుక తిండి కొలిచి పెడుతున్నాము. పాలు చాలా పిల్లులకు అరగవు. అందుచేత చేపముక్కలు, మంచినీళ్లు ఇస్తున్నాము. 3 నెలలు నిండగానే పశువైద్యునిచేత రేబిస్ టీకా వేయించాము. మనం వేసుకొనే పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషమని, ఎన్నడూ వేయకూడదని ఆయన హెచ్చరించారు.

ఒక్క పని మాత్రం చంటి చేసుకోలేదు. ఎడమచెవి దురద పెడితే గోకవలసిన కాలు లేదు. తుంటి మాత్రం ఊరక కదులుతుంది. మొదట్లో "కుంటిది" అని నవ్విన మా పిల్లలే ఇప్పుడు అది చూడగానే పరుగెత్తి వెళ్లి చెవి గోకుతారు.

ప్రియమైన తల్లిదండ్రులారా, బలహీనులను ఎగతాళి చేయవద్దని పిల్లలకు పదేపదే చెప్పడంకంటె, ఇలాంటి ప్రాణిని ఒకదానిని వారి చేతికి అప్పగించి చూడండి.