నాటిన పంటి తొడుగు చెడినప్పుడు

మన గ్రామములలో కాలు విరిగినవానిని నలుగురు చేరి ఆసుపత్రికి మోసికొని పోవుదురు. పన్ను విరిగినవానిని చూచి నవ్వి ఊరకుందురు. పన్ను లేనివాడు రాగి సంగటి ముద్దను మ్రింగి కడుపు నింపుకొనగలడు గాని, వేరుసెనగ గింజను నమలజాలడు. నలుగురిలో నోరు తెరచి మాటలాడుటకును సంకోచించును. కావుననే ఇటీవలి కాలమున తిరుపతి, చిత్తూరు ప్రాంతముల గ్రామీణులు పలువురు, ఊడిన పంటి స్థానమున దవడ ఎముకలో క్రొత్త పన్ను నాటించుకొనుచున్నారు. కొందరు తిరుపతిలోను, కొందరు సరిహద్దు దాటి వేలూరు, చెన్నపట్టణము, బెంగుళూరు నగరములలోను ఈ చికిత్స పొందుచున్నారు. ఒక పంట రాబడిలో పెద్ద భాగము దీనికి వ్యయమైన కుటుంబములును కలవు.

ఇంత సొమ్ము వెచ్చించి నాటించుకొన్న పన్నుపై తొడుగు ఒకనాడు విరిగినను, కదలినను ఇంటివారు రెండు విధములుగా పొరపడుదురు. కొందరు అంతయు పోయినదని నిరాశ చెంది వైద్యుని కడకే పోరు. మరికొందరు అంగడిలో దొరకు జిగురుతో దానిని తామే అతికించుకొందురు. ఈ రెండును నష్టదాయకములే. పంచాయతీ సభ్యులు ఈ విషయము నెరిగి తమ గ్రామస్థులకు సరియైన సలహా చెప్పగలుగుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నాటిన పన్ను అనగానేమి?

దీనిని వైద్యులు ఇంప్లాంటు అందురు. ఇందు మూడు భాగములు కలవు. మొదటిది దవడ ఎముకలో దిగియుండు మరమేకు వంటి లోహపు వేరు. ఇది సాధారణముగా టైటానియముతో చేయబడును. రెండవది ఆ వేరుపై బిగించిన చిన్న స్తంభము. మూడవది స్తంభముపై నుండు తొడుగు. దీనినే జనులు క్యాపు అందురు. మనము నోట చూచునది, నమలునది ఈ తొడుగుతోనే.

ఇంటిని తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. వేరు పునాది, స్తంభము గుంజ, తొడుగు పైకప్పు. పెంకు పగిలినంత మాత్రమున పునాది చెడినదని ఎవ్వరును ఇల్లు విడిచిపోరు. తొడుగు విరిగినప్పుడును లోపలి వేరు చెక్కుచెదరక యుండుట తరచుగా జరుగుచుండును.

స్వీడను దేశీయుడగు బ్రోనెమార్కు అను శాస్త్రజ్ఞుడు 1952లో కుందేళ్ళ ఎముకలపై పరిశోధనలు చేయుచుండగా, టైటానియము ఎముకతో విడదీయరానంతగా కలిసిపోవుటను గమనించెను. 1965లో తొలిసారిగా ఒక మనుష్యుని దవడలో టైటానియపు వేళ్ళను నాటెను. నేటి చికిత్సకు అదియే మూలము.

తొడుగు ఏల చెడును?

సహజమైన పంటి వేరునకు, ఎముకకు నడుమ పలుచని నారపొర యుండును. గట్టి వస్తువు తగిలినప్పుడు అది మెత్తవలె పనిచేసి, 'ఇంక కొరుకవలదు' అని మనలను హెచ్చరించును. నాటిన పంటికి ఆ పొర లేదు. కావున ఎంత బలముతో కొరుకుచున్నామో మనకు చక్కగా తెలియదు. ఆ బలమంతయు తొడుగుపైనను, మరపైనను పడును.

మన ప్రాంతపు అలవాట్లు కొన్ని ఇందుకు తోడగును. చెరకు గడను పండ్లతో చీల్చుట, ఆవకాయలోని టెంకె ముక్కను కొరుకుట, మాంసపు ఎముకను నమలుట, వక్కను పగులగొట్టుట, సీసా మూతను పంటితో తీయుట — ఇవి నాటిన పంటికి పనికిరావు. నిద్రలో పండ్లు నూరు అలవాటున్నవారికి ముప్పు మరింత అధికము. అట్టివారికి రాత్రివేళ ధరించుటకు వైద్యులు ఒక రక్షణ తొడుగును చేసి యిత్తురు.

చెడిన తీరును గుర్తించుట

అన్ని దోషములు ఒక్కటి కావు. తొడుగు అంచున పింగాణి పెచ్చు మాత్రము లేచి, తక్కినది గట్టిగా నున్నచో అది చిన్న దోషము. తొడుగు మొత్తము ఊడి చేతికి వచ్చినచో, దానిని పట్టియుంచు సిమెంటు కరగిపోయినదని గాని, మర ఊడినదని గాని తలపవచ్చును. తొడుగు నోటిలోనే యుండి అటునిటు కదలుచున్నచో, లోపలి మర సడలి యుండవచ్చును. ఇట్టి సమయమున రోగి 'వేరే కదలిపోయినది' అని భయపడును. పరీక్షింపగా పలుమారు మర సడలుటయే కారణమని తేలును. మర విరిగినచో పని కొంత కష్టమగును.

చిగురు వాచుట, ఎర్రబారుట, చీము వచ్చుట, రక్తము కారుట, దుర్వాసన — ఈ లక్షణములున్నచో వేరు చుట్టునున్న ఎముకకు జబ్బు సోకినదేమో యని శంకింపవలెను. వేరే కదలుట అన్నిటికన్న తీవ్రమైనది. ఈ భేదమును కంటితో నిర్ణయించుట మనకు సాధ్యము కాదు. ఎక్స్‌రే తీసి దంతవైద్యుడే నిర్ణయింపవలెను.

వెంటనే చేయవలసినవి, చేయరానివి

ఊడిన తొడుగును, విరిగిన ముక్కలను పారవేయరాదు. నీటితో కడిగి, చిన్న డబ్బీలో నుంచి వైద్యుని కడకు తీసికొని పోవలెను. చెడకున్నచో దానినే మరల అమర్చుటకు వీలు కలుగవచ్చును.

జిగురుతో అతికింపరాదు. అది చిగురును కాల్చును. తొడుగు వంకరగా అంటుకొని, తరువాత తీయుటకు వీలులేకుండును. ఊడిన తొడుగును ఊరకే నోటిలో పెట్టుకొని నిద్రింపరాదు. అది గొంతులోనికి జారవచ్చును. తొడుగు కడుపులోనికి పోయినచో సాధారణముగా మలముతో వెడలిపోవును; అయినను వైద్యునికి తెలుపవలెను. మ్రింగిన పిదప దగ్గు, ఊపిరాడకుండుట, ఛాతీలో నొప్పి కలిగినచో అది ఊపిరితిత్తుల దారిన పడియుండవచ్చును. అప్పుడు క్షణమైన ఆలసింపక 108 వాహనమును పిలువవలెను.

వైద్యుని చూచువరకు ఆ వైపున నమలరాదు. మెత్తని ఆహారము తినవలెను. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, మెత్తని బ్రష్షుతో ఆ చోటును శుభ్రముగా నుంచవలెను. అంగడిలో అడిగి సూక్ష్మజీవి నాశక మాత్రలు కొని మ్రింగుట తగదు.

నొప్పి లేదు గదా యని నెలల తరబడి వాయిదా వేయుట మరియొక పొరపాటు. తొడుగు లేనిచో చిగురు స్తంభముపైకి పెరుగును. ఎదుటి పన్ను, ప్రక్క పండ్లు ఖాళీ చోటునకు జరుగును. సడలిన మరతో నములుచున్నచో అది వంగి విరుగును. కొద్ది దినములలో తీరవలసిన చిన్న పని పెద్ద వ్యయమునకు దారితీయును.

వైద్యుడు చేయు పని

పెచ్చు చిన్నదైనచో నునుపుచేసి, లేదా పూడ్చి సరిచేయును. పెద్దదైనచో క్రొత్త తొడుగు చేయించును. సిమెంటు కరగినచో స్తంభమును శుభ్రపరచి తొడుగును మరల అతికించును. ఈ పనిలో చిగురు క్రింద సిమెంటు మిగిలిపోకుండ చూచుట ముఖ్యము. మిగిలినచో అది చిగురు వాపునకు హేతువగును. మర సడలినచో బలమును కొలుచు ప్రత్యేక సాధనముతో తగినంత బిగించును, లేదా క్రొత్త మరను అమర్చును. విరిగిన మర ముక్కను తీయుటకు వేరు పరికరములు, ఓర్పు కావలెను. వేరే చెడినచో దానిని తీసివేసి, ఎముక మానిన పిదప మరల నాటుటను గూర్చి ఆలోచింతురు. తొడుగు విరుగుటకు కారణమేమో తెలిసికొని కాటును సరిచేయనిచో క్రొత్త తొడుగును విరుగును. కావున కారణమును అడిగి తెలిసికొనుట రోగి హక్కు.

ఒక చిన్న చీటీ విలువ

ఇంప్లాంట్లు చేయు సంస్థలు అనేకములు. ఒకరి మర మరియొకరి వేరునకు సరిపడదు. బిగించు సాధనములును వేరువేరు. నాటిన వేరు ఏ సంస్థది, ఏ రకము, ఎంత పొడవు, ఎంత లావు, ఏనాడు నాటిరి అను వివరములు గల చీటీ రోగి కడ నుండవలెను. బెంగుళూరిలో పన్ను నాటించుకొన్న పలమనేరు రైతునకు తొడుగు ఊడినదనుకొందము. చీటీ యున్నచో చిత్తూరులోని వైద్యుడు తగిన మరను తెప్పింపగలడు. లేనిచో ఎక్స్‌రేను చూచి ఊహింపవలసి వచ్చును. దినములు, సొమ్ము వృథా యగును. ఈ చీటీని, రసీదులను, ఎక్స్‌రేలను భూమి పట్టాతో పాటు భద్రపరచుకొనవలెను. సొమ్ము చెల్లించి పొందిన వైద్యసేవ వినియోగదారుల రక్షణ చట్టము పరిధిలోనికి వచ్చునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వివాదము కలిగినప్పుడును ఈ కాగితములే ఆధారము.

సభ్యులు చేయదగినది

సంతలలోను, తిరునాళ్ళలోను అర్హత లేనివారు పండ్లు కట్టుట మీరెరుగుదురు. దంతవైద్య పట్టము పొంది, నమోదైన వైద్యునికి మాత్రమే నోరు చూపవలెనని గ్రామసభలో చెప్పుడు. ఆశా కార్యకర్తకు, గ్రామ ఆరోగ్య కార్యకర్తకు పై విషయములు తెలుపుడు. నోరు వాచి జ్వరము వచ్చినవారిని, మ్రింగుట కష్టమైనవారిని నాటువైద్యమునకు వదలక, వెంటనే సమీప ప్రభుత్వాసుపత్రికి గాని, తిరుపతి రుయా ఆసుపత్రికి గాని చేర్చుడు. ఒంటరి వృద్ధులకు తోడుగా ఒకరిని పంపుడు.

పన్ను నాటించుకొనదలచినవారికి ముందుగనే మూడు ప్రశ్నలు నేర్పుడు: తొడుగు చెడినచో బాగుచేయు వ్యయమెంత? ఎంత కాలమునకొకసారి పరీక్షకు రావలెను? చీటీ యిత్తురా? పొగాకు, గుట్కా మానవలెననియు, మధుమేహమును అదుపులో నుంచుకొనవలెననియు, దినమునకు రెండుసార్లు పండ్లు తోముకొనవలెననియు చెప్పుడు. నాటిన పంటికి పుచ్చు పట్టదు; కాని దాని చుట్టునున్న చిగురునకు, ఎముకకు జబ్బు సోకును.

పైకప్పు పెంకు పగిలిననాడే మార్చుకొన్న యింటికి వాన భయము లేదు. నాటిన పంటి తొడుగు విషయమున మన గ్రామస్థులు ఇదే జాగ్రత్త వహించునట్లు సభ్యులు పూనుకొందురని మేము ఆశించుచున్నాము.