సార్వభౌమ రక్షణ

ఒక దేశ ప్రభుత్వాన్ని మరో దేశం తన కోర్టుకు ఈడ్చకూడదన్నది అంతర్జాతీయ న్యాయంలో పాత సూత్రం. అమెరికా దీన్ని 1976లో చట్టం చేసింది. అయితే ప్రభుత్వం వ్యాపారానికి దిగినా, వివాదం వస్తే మధ్యవర్తిత్వానికి సిద్ధమని సంతకం చేసినా ఈ రక్షణ కవచం తొలగిపోవచ్చు.

ఇస్రో వాణిజ్య సంస్థ యాంత్రిక్స్‌కు ఎదురైంది సరిగ్గా ఇదే. రెండు ఉపగ్రహాల్లోని ఎస్‌-బ్యాండ్‌ సామర్థ్యాన్ని బెంగళూరుకు చెందిన దేవాస్‌కు లీజుకిస్తూ అది 2005లో ఒప్పందం చేసుకుంది. రక్షణ అవసరాల పేరుతో కేంద్రం 2011లో దాన్ని రద్దు చేసింది. దేవాస్‌కు 56.25 కోట్ల డాలర్లు చెల్లించాలని 2015లో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్‌ తేల్చింది. అమెరికాలో సియాటెల్‌లోని ఫెడరల్‌ కోర్టు దాన్ని ఖాయం చేయడంతో వడ్డీతో కలిపి మొత్తం 129 కోట్ల డాలర్లకు చేరింది. అది ప్రజల డబ్బు. మధ్యవర్తిత్వ షరతు రాసేటప్పుడే మన అధికారులు ఈ ముప్పును బేరీజు వేసుకోవాల్సింది.

అమెరికాతో యాంత్రిక్స్‌కు తగినంత సంబంధం లేదంటూ అప్పీలు కోర్టు 2023లో ఆ తీర్పును కొట్టేసింది. 1976 చట్టం అలాంటి సంబంధాన్ని కోరడం లేదని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్‌ 5న ఏకగ్రీవంగా చెప్పింది. దేవాస్‌ పుట్టుకే మోసమని మన సుప్రీంకోర్టు 2022లోనే తేల్చినా, అమెరికాలో వ్యాజ్యం ఆగలేదు. రాజ్యాంగపరమైన అభ్యంతరాలు సహా మిగిలిన వాదనల కోసం కేసు మళ్లీ అప్పీలు కోర్టుకే వెళ్లింది.