కారు ఇంజనునకు క్యాము షాఫ్టు నెన్నుకొనుట



అమెరికాలో నుద్యోగము చేయుచున్న మా మనుమ డొక పాత షెవర్లే కారును కొనెను. దానిలోనిది 1967లో వెలువడిన 350 ఘనపుటంగుళముల తరగతి ఇంజను. “తాతయ్యా, దీనికి పందెపు క్యాము షాఫ్టు వేయింపుమని మిత్రులు చెప్పుచున్నారు; వేయింతునా?” అని యడిగెను. ఆ ప్రశ్నకై నేను చదివి తెలిసికొన్నదానిని నేడు మీకు మనవి చేయుదును.

పిస్టను క్రిందికి దిగునపుడు గాలియు, పెట్రోలును ఇంజనులోనికి రావలెను. మండిన పిమ్మట పొగ వెలికి పోవలెను. ఈ రాకపోకలకు ద్వారములు వాల్వులు. వానిని తెఱపించునది క్యాము షాఫ్టు. అది యినుప కడ్డీ; దానిపై గ్రుడ్డువంటి యుబ్బులుండును. క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి ఇది యొక చుట్టు తిరుగును. ఉబ్బు త్రోయగా వాల్వు తెఱచుకొనును. ఉబ్బు దాటగానే స్ప్రింగు దానిని మూయును.

మన చెఱువు తూమును తలంపుడు. తలుపు నెంత యెత్తు లేపితిమి, ఎంతసేపు తెఱచి యుంచితిమి అనునవి రెండు లెక్కలు గదా! ఇచ్చట మొదటిది లిఫ్టు, రెండవది డ్యూరేషను. డ్యూరేషనును క్రాంకు షాఫ్టు తిరిగిన డిగ్రీలలో కొలుతురు. ఉబ్బు 0.050 అంగుళము లేపినది మొదలు లెక్కించిన కొలత యొకటి. అంతకు ముందునుండియే లెక్కించిన పెద్ద కొలత యింకొకటి. రెండు సరుకులను పోల్చునపుడు ఒకే కొలతతో పోల్చవలెను.

ఎక్కువసేపు తెఱచియుంచిన మేలే కదా యని తోచును. ఇంజను మిక్కిలి వేగముగ తిరుగునపుడది నిజమే. వచ్చుచున్న గాలికి ఊపు గలదు గనుక, పిస్టను మరల పైకి లేచుచున్నను గాలి లోనికి దూఱుచునే యుండును. మెల్లగ తిరుగునపుడు ఆ యూపు లేదు. లేచుచున్న పిస్టను, వచ్చిన గాలినే వెనుకకు నెట్టివేయును. అదిగాక రెండు వాల్వులును ఏకకాలమున తెఱచియుండు వ్యవధి పెరిగి, పొగ క్రొత్త గాలితో కలియును. కావున కారు నిలిచియున్నపుడు ఇంజను వణకును. బయలుదేరునపుడు బలము చాలదు.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి గలదు. పెక్కు కార్లలో బ్రేకునకు తోడ్పడునది ఇంజను పీల్చు శూన్యపు బలము. పెద్ద క్యాము వేసిన అది తగ్గి, బ్రేకు పెడలు గట్టిపడును. భార్యాబిడ్డలు కూర్చుండు కారున కిది చిన్న మాట కాదు.

ఎన్నుకొనువాడు మొదట తన కారు ఎచ్చట తిరుగునో నిజము చెప్పుకొనవలెను. బజారునకును, కచేరికిని పోవు కారు ఇంజను చాలభాగము నిమిషమునకు 1500 మొదలు 3500 చుట్లలోనే యుండును. ఆ 350 ఇంజనునకు 0.050 కొలతలో 210 మొదలు 220 డిగ్రీలు చాలును. 230 దాటినచో గేర్లు, కంప్రెషను మున్నగునవియు మార్పవలసివచ్చును. లిఫ్టు పెంచినచో తగిన స్ప్రింగులు వేయవలెను. వాల్వు పిస్టనునకు తగులకుండునట్లు ఎడము కొలిచి చూడవలెను.

పాతపద్ధతి చదును టాపెట్ల క్యామునకు మఱియొక జాగ్రత్త గలదు. తగిన జింకు గల నూనె పోసి, మొదటిసారి ఇరువది నిమిషములు సుమారు 2000 చుట్ల వేగమున నడపవలెను. లేకున్న ఉబ్బు లరిగిపోవును.

“రెంటి నడుమ సందేహము కలిగిన, నాయనా, చిన్నదానినే కొనుము” అని మనుమనికి వ్రాసితిని. ఎవరి బండి యే దారిని పోవునో ఆ దారికి తగిన యెద్దులనే కట్టవలె నని మీ రెఱుగనిది కాదు. సెలవు.